నొప్పి చెప్పని కాలేయం

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యవర్గం వారు నా ప్రసంగాన్ని టిఫినుకీ భోజనానికీ మధ్య పెట్టారు. పెసరట్టు, ఉప్మా తిని ఇంకా గంట కాలేదు. షామియానా వెనక బూరెలు వేగుతున్న వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఇలాంటి వేళ కాలేయం గురించి మాట్లాడమనడం నాకు పెట్టిన పరీక్షో, మీకు పెట్టిన పరీక్షో తెలియదు.

నేను డాక్టర్ని కాను. 1985 బ్యాచ్ వాణ్ని. థర్మల్ విద్యుత్ కేంద్రంలో మెకానికల్ ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా బాయిలర్లు, కండెన్సర్లు, పంపులు చూసుకుంటూ వచ్చాను. మా బ్యాచ్‌లో ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. నేను చెప్పబోయే లెక్కలన్నీ వాళ్లకు చూపించి, దిద్దించుకున్నాకే ఇక్కడికి వచ్చాను. వాళ్లు ఉండగా ఈ అంశం నేనే అడిగి తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ జబ్బు నాకుంది. రెండోది, మా బెంచీ మిత్రుడు ఇవాళ మన మధ్య లేడు.

మా బ్యాచ్ వాళ్లకు వాడి పేరు చెప్పక్కర్లేదు. కిటికీ పక్కన రెండో బెంచీ. లెక్కల్లో ఎప్పుడూ నాకంటే ముందుండేవాడు. వాళ్ల నాన్నగారు పోవడంతో ఇంటర్‌తో చదువు ఆపేసి కిరాణా కొట్లో కూర్చున్నాడు. ఊళ్లో ఎవరింట పెళ్లయినా సరుకుల చీటీ ముందు వాడి దగ్గరికే వెళ్లేది. మూడేళ్ల కిందట కాళ్లు వాచాయి, పొట్టలో నీరు చేరింది, ఒక రాత్రి రక్తం కక్కుకున్నాడు. ఆస్పత్రిలో సిరోసిస్ అన్నారు. అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. రెండు నెలలు తిరక్కుండానే పోయాడు.

సిరోసిస్ అనగానే ఊరు ఒకటే మాట అంది, తాగుడు అని. 'ఎప్పుడూ చూళ్లేదే' అని ఒకరంటే, 'చాటుగా పట్టించి ఉంటాళ్లే' అని ఇంకొకరు. పెదకర్మ నాడు భోజనాల దగ్గర నా చెవినా పడింది. నేను నోరెత్తలేదు. నలుగురి ముందు ఒప్పుకుంటున్నాను, ఒక్క నిమిషం నాకూ అనుమానం వచ్చింది. నలభై ఏళ్ల స్నేహం కదా, అయినా వచ్చింది.

ఆ సాయంత్రం వాళ్లావిడ బీరువాలోంచి ఒక ఫైలు తీసి నా చేతిలో పెట్టారు. 'అన్నయ్యగారూ, ఆయన జన్మలో ముట్టలేదండి. మీకు తెలుసు కదా. అమ్మాయి సంబంధానికి వచ్చినవాళ్లు కూడా మీ నాన్నకి ఆ అలవాటుందటగా అని దాని మొహం మీదే అడిగి వెళ్లారు. మీరు నలుగురిలో మాట్లాడేవారు, ఎప్పుడైనా ఒక్కసారి చెప్పండి' అన్నారు. ఆవిడ అనుమతితోనే ఇవాళ చెబుతున్నాను.

ఆ ఫైల్లో ఎనిమిదేళ్ల కిందటి స్కానింగు రిపోర్టు ఒకటుంది. కిడ్నీలో రాయి ఉందేమోనని తీయించినది. రాయి లేదు. కింద ఒక్క లైను, గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని. అంటే కాలేయానికి కొవ్వు పట్టిందని. 'అది చాలామందికి ఉండేదే' అని ఎవరో అన్నారట. రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోయింది. వాడికి అప్పటికే పదేళ్లుగా షుగరు. పొద్దున్న ఆరింటికి గల్లాపెట్టె ముందు కూర్చుంటే రాత్రి పదింటికి లేచేవాడు. పొట్ట ముందుకొచ్చింది. టీలు, మిక్స్చరు, బెల్లం ముక్క, అన్నీ చేతికందే దూరంలో ఉండేవి. సీసా ఒక్కటే లేదు. అయినా వాడి కాలేయం తాగేవాడి కాలేయంలాగే గట్టిపడిపోయింది.

ఇది ఎలా జరుగుతుందో నాకు అర్థమైనంతలో చెబుతాను.

ఏడో తరగతిలో మన సైన్సు మాస్టారు గోడకు వేలాడదీసిన పటం గుర్తుందా? కుడివైపు డొక్క ఎముకల కింద ముదురు గోధుమ రంగులో పెద్ద ముద్దలా ఉండేది. పెద్దవాళ్లలో అది దాదాపు కిలోన్నర బరువు ఉంటుంది. నిమిషానికి లీటరున్నర వరకు రక్తం దాని గుండా పోతుంది. అందులో మూడొంతులు, అంటే ముప్పావు భాగం, పేగుల నుంచి వచ్చే రక్తం. మనం తిన్న అన్నం, చక్కెర, మింగిన మాత్ర, తాగిన మందు దాదాపు అన్నీ ముందు ఆ గుమ్మం దాటాకే మిగతా ఒంట్లోకి వెళ్లాలి. పైత్యరసం అక్కడే తయారవుతుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకు కావలసిన గ్లూకోజును కొంచెం కొంచెంగా వదిలేదీ అదే.

ఇంత పని చేసే అవయవానికి లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. పైన ఉండే పొర సాగితే కొంచెం బరువుగా అనిపించవచ్చు, అంతే. మా విద్యుత్ కేంద్రంలో బేరింగు వేడెక్కితే అలారం మోగుతుంది. ఇంకా వేడెక్కితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. కానీ కండెన్సరు గొట్టాల్లో పాచి, సున్నం పేరుకుంటే వెంటనే ఏ గంటా మోగదు. వాక్యూమ్ రోజుకింత తగ్గుతుంది. అదే మెగావాట్లకు రోజుకింత ఎక్కువ బొగ్గు మండుతుంది. లాగ్ బుక్కులో నెలనెలా అంకెలు పోల్చి చూసేవాడికే తెలుస్తుంది. కాలేయం రెండో రకం. అలారం కోసం ఎదురుచూస్తే అది మోగేసరికి యూనిట్ పోయే స్థితిలో ఉంటుంది. మా వాడి విషయంలో జరిగింది అదే.

మందు తాగకపోయినా కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? మన కంచంలోంచే.

కాలేయం పిండిపదార్థాన్ని నిల్వ చేసుకునే గాదె చాలా చిన్నది. సుమారు 100 గ్రాములు పడుతుంది. కండరాల్లో ఇంకో గాదె ఉంది, అది పెద్దది. కానీ ఒంటికి పని చెబితేనే ఆ గాదె ఖాళీ అవుతుంది. రెండూ నిండాక కూడా అన్నం, చక్కెర వస్తూనే ఉంటే కాలేయం వాటిని కొవ్వుగా మారుస్తుంది. కొంత బయటకు పంపుతుంది, కొంత తనలోనే దాచుకుంటుంది. పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు కూడా కరిగి కాలేయానికే చేరుతుంది. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. కొందరిలో అది అక్కడే ఆగిపోతుంది. కొందరిలో కొవ్వు వల్ల వాపు, వాపు వల్ల మచ్చలు, మచ్చలు పెరిగి సిరోసిస్, ఒక్కోసారి క్యాన్సరు. ఇదంతా సాధారణంగా ఏళ్ల మీద జరిగే పని. షుగరు ఉన్నవాళ్లలో వేగం ఎక్కువ.

'మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు, తొంభై ఏళ్లు బతికాడు' అంటారు మనవాళ్లు. నిజమే. గోదావరి కాలవల కింద పుట్టినవాళ్లం, మనకు అన్నం దేవుడు. కానీ తాత తిన్నది దంపుడు బియ్యం, మనది అద్దంలా పాలిష్ పట్టినది. తాత తెల్లారకముందే చేలో దిగేవాడు, మనం తెల్లారాక కారులో దిగుతాం. తాతకు జీతం మీద వచ్చే కుర్చీ లేదు. 2025లో ప్రచురితమైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వారి అధ్యయనంలో, పరీక్షించిన ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి ఈ కొవ్వు కనిపించింది. వాళ్లు మన పిల్లలు. ఈ హాల్లో కూర్చున్న చాలామంది కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు ఆ ఉద్యోగాల్లోనే ఉన్నారు.

ఈ జబ్బు పేరు కూడా మారింది. ఇంతకుముందు దీన్ని 'మద్యంతో సంబంధం లేని ఫ్యాటీ లివర్' అనేవారు. ఏది కాదో చెప్పేదే తప్ప ఏదో చెప్పే పేరు కాదది. 2023లో ప్రపంచంలోని కాలేయ వైద్య సంఘాలు కలిసి, జీవక్రియలు గాడి తప్పడం వల్ల వచ్చే కొవ్వు కాలేయం అనే అర్థం వచ్చేలా ఎమ్ఏఎస్ఎల్‌డీ అని మార్చాయి. కాలేయంలో కొవ్వుతో పాటు ఈ ఐదింటిలో ఒక్కటి ఉన్నా ఆ లెక్కలోకే వస్తారు: పొట్ట లేదా అధిక బరువు, షుగరు, బీపీ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 150 దాటడం, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లలో 40 కంటే, ఆడవాళ్లలో 50 కంటే తగ్గడం. పొట్ట కొలత మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. ప్యాంటు సైజు చెప్పకండి, ప్యాంటు పొట్ట కిందికి జారుతుంది. టేపు బొడ్డు మీదుగా పెట్టి కొలవండి.

మిత్రుడు పోయిన మరుసటి ఏడాది, 2023లో, నేను పరీక్ష చేయించుకున్నాను. బరువు 84 కిలోలు, పొట్ట 104 సెంటీమీటర్లు, షుగరు గీత మీద. స్కానింగులో అదే మాట, గ్రేడ్ 2. నాకు ఏ బాధా లేదు. మెట్లెక్కితే ఆయాసం ఉండేది, అది వయసనుకున్నాను.

అప్పుడు డాక్టరు మిత్రుడు ఒక సూత్రం చెప్పాడు. ఇంజనీర్లకు, లెక్కల మాస్టార్లకు నచ్చుతుంది. ఫిబ్-4 అంటారు. నాలుగు అంకెలు చాలు. మీ వయసును ఏఎస్‌టీ అనే రక్తపరీక్ష అంకెతో గుణించాలి. ఏఎల్‌టీ అంకెకు వర్గమూలం తీసి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ప్లేట్‌లెట్లు 2.1 లక్షలుంటే లెక్కలో 210 అని వేసుకోవాలి. అప్పుడు నా వయసు 53, ఏఎస్‌టీ 45, ఏఎల్‌టీ 49. పైన 2385. 49 వర్గమూలం 7, ఏడు రెండు వందల పదులు 1470. భాగిస్తే 1.62. ఇది 1.3 లోపు ఉంటే మచ్చలు బాగా పడిన అవకాశం తక్కువ. 2.67 దాటితే కాలేయ వైద్యుడి దగ్గరికి వెంటనే వెళ్లాలి. 65 ఏళ్లు దాటినవాళ్లకు 1.3 బదులు 2 వరకు చూస్తారు. నాది మధ్యలో పడింది. ఒక్క మాట, ఇది గడప దగ్గరి జల్లెడ మాత్రమే. తుది నిర్ణయం డాక్టరుదే.

మధ్యలో పడినవాళ్లకు ఫైబ్రోస్కాన్ చేస్తారు. డొక్క మీద చిన్న పరికరం పెట్టి మెల్లగా తడతారు. ఆ తరంగం కాలేయంలో ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు. గట్టి వస్తువులో వేగం ఎక్కువ. కొబ్బరి బొండాన్ని వేలితో కొట్టి చూసే విద్యే, ఎలక్ట్రానిక్స్‌తో. ఫలితం కిలోపాస్కల్స్‌లో వస్తుంది. జీవితమంతా బాయిలర్ ఒత్తిడిని ఆ కొలతల్లోనే చూసినవాణ్ని, నా కాలేయాన్ని కూడా ఆ కొలతలోనే చూస్తానని అనుకోలేదు. 8 లోపు ఉంటే సాధారణంగా భయం లేదు. నాది 9.1.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వాడి ఫైలు, ఎనిమిదేళ్ల కిందటి ఆ ఒక్క లైను కళ్ల ముందు ఆడింది. వాడికి దొరకని అవకాశం నాకు దొరికింది.

డాక్టరు మందుల చీటీ రాస్తాడనుకున్నాను. బరువు రాశాడు. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో వాపు తగ్గుతుంది. 10 శాతం, ఆపైన తగ్గినవాళ్లలో కొందరికి మచ్చలు కూడా వెనక్కి పోతాయి. అది కూడా వారానికి అర కిలో నుంచి కిలో లోపే. ఉపవాసాలు చేసి ఒక్కసారిగా పది కిలోలు దించితే కాలేయానికే చేటు, పిత్తాశయంలో రాళ్లు అదనం. 2024లో అమెరికాలో ఈ జబ్బుకు మొదటి మందుకు అనుమతి వచ్చింది. దాన్ని కూడా ఆహారం, వ్యాయామంతో కలిపే వాడమన్నారు.

నేనేం చేశానో చెబుతాను. ఇందులో గొప్ప ఏమీ లేదు.

మొదట టీ. షిఫ్టులో రోజుకు ఐదు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. రోజుకు పది చెంచాలు. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజును చాలావరకు కాలేయమే చూసుకోవాలి, ఎక్కువైతే దాన్ని కొవ్వుగా మారుస్తుంది. బెల్లం, తేనె అయినా కాలేయానికి లెక్క ఒకటే. కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. పండ్ల రసం కూడా పీచు తీసేసిన తీపి నీళ్లే. పండు నమిలి తినండి. బత్తాయి తొనలు ఒలుచుకు తింటే ఒకటితో ఆగుతాం, రసమైతే నాలుగు కాయలు ఒక్క గుక్కలో పోతాయి. నేను టీ రెండుకు తగ్గించి, చక్కెర లేని కాఫీకి మారాను. రోజుకు రెండు మూడు కప్పుల కాఫీ తాగేవాళ్లలో కాలేయ మచ్చలు తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. చక్కెర, మీగడ వేసిన కాఫీకి ఈ పొగడ్త వర్తించదు.

రెండోది కంచం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనకు వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన ఇళ్లలో కంచం నిండా అన్నం పెట్టుకుని, దాని మీద కూర చుక్కలా వేసుకుంటాం. మా ఆవిడ వరస తిరగేసింది. ముందు కంచంలో సగం కూరలు: బీరకాయ, ఆనపకాయ, తోటకూర, పొట్లకాయ, ఏదైనా. పావు వంతు పప్పు, పెసలు, గుడ్డు, లేదా చేప. మిగతా పావు వంతులో అన్నం, ఒక చిన్న గిన్నెతో కొలిచి. మొదటి వారం నేను గిన్నెను నొక్కి నొక్కి నింపాను. ఆవిడ చూసి గిన్నె మార్చింది.

చిరుధాన్యాల మీద ఇప్పుడు అందరికీ మోజు. మంచిదే, పీచు ఉంటుంది. కానీ కొర్రలన్నా, రాగులన్నా అవి కూడా ధాన్యాలే. అన్నం మానేశామని చెప్పి రెండింతలు సంకటి తింటే లాభం లేదు. ఇక ఆవకాయ. ఆవకాయ తప్పు ఆవకాయది కాదు, దాని వెనకాల దిగే రెండో విడత అన్నానిది. బూరెలు, పూతరేకులు మానేశానని ఈ గడ్డ మీద నిలబడి అబద్ధం చెప్పను. పండక్కి తింటాను. కాకపోతే ఇదివరకు ప్రతి ఆదివారమూ మా ఇంట్లో పండగే. ఇప్పుడు పండగ నాడే పండగ.

మూడోది నడక. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగంతో. బరువు తగ్గకపోయినా వ్యాయామం వల్ల కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, ఇది చాలామందికి తెలియదు. కండరాల గాదె ఖాళీ అయితే కాలేయం మీద భారం తగ్గుతుంది. అందుకే వారానికి రెండు రోజులు కండరాలకు కూడా పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, చాలు. ఇది చిన్నప్పుడు మన మాస్టార్లు ఉచితంగా చేయించిన వ్యాయామమే, గుంజీలు! అప్పుడు ఎవరి కాలేయానికీ కొవ్వు లేదు.

నాలుగోది నిద్ర. నైట్ షిఫ్టులో అర్ధరాత్రి రెండింటికి క్యాంటీన్ పూరీలు తిన్న రోజులు నావి. షిఫ్టు మానలేకపోయాను, పూరీలు మానాను. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు డాక్టరుకు చూపించుకోండి. ఆ జబ్బుకూ ఫ్యాటీ లివర్‌కూ సంబంధం ఉంది.

పద్నాలుగు నెలలకు బరువు 76కు వచ్చింది. ఫైబ్రోస్కాన్ 6.8. పొట్ట 95 దగ్గర ఆగిపోయింది, ఇంకా ఐదు సెంటీమీటర్లు బాకీ ఉన్నాను. మధ్యలో మా అబ్బాయి పెళ్లికి మూడు కిలోలు పెరిగి మళ్లీ తగ్గాను. ఇది ఒకసారి గెలిచి కప్పు పట్టుకెళ్లే ఆట కాదు.

ఇక తాగే అలవాటున్న మిత్రుల గురించి. వాళ్లను నిందించడానికి రాలేదు. 30 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఇంత వరకు తాగితే ఏ ప్రమాదమూ లేదని చెప్పగల కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పొట్ట, షుగరు ఉన్న మనిషి తాగితే రెండు దెబ్బలూ ఒకే కాలేయానికి తగులుతాయి. కాలేయానికి కొవ్వు పట్టిందని తెలిసినవాళ్లకు అసలు మానేయడమే మంచిది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాత్రం డాక్టరు పర్యవేక్షణలో మానాలి. ఒక్కసారిగా మానితే మూర్ఛ, మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉంది. తాగుడు వల్ల కాలేయం చెడినవాడూ రోగే. వాడికీ వైద్యం కావాలి, వెక్కిరింపు కాదు.

కొవ్వు, మందు కాక ఇంకొన్ని శత్రువులున్నాయి. హెపటైటిస్-బి, సి వైరస్‌లు కూడా చప్పుడు లేకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని తింటాయి. మన తరానికి చిన్నప్పుడు బి టీకా లేదు. తర్వాత వచ్చినా సామాన్యుడికి అందని ధర. 1997లో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకాను తెచ్చి ఆ ధర దించినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డిగారు చదువుకున్నది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. ఇంజనీరు కాలేయం గురించి మాట్లాడితే మీకు వింత అనిపించకూడదని చెబుతున్నాను! ఒక్క రక్తపరీక్ష చేయించుకోండి, లేకపోతే టీకా మూడు డోసులు వేయించుకోండి. సి రకానికి టీకా లేదు, కానీ చాలామందికి మూడు నెలల మాత్రలతో పూర్తిగా నయమవుతోంది.

కామెర్లు వస్తే పసరు మందుకు పరుగెత్తే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. కలుషిత నీటి వల్ల వచ్చే ఎ, ఇ రకం కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. కానీ కామెర్లు కారణం కాదు, గుర్తు మాత్రమే. వెనక పిత్తనాళంలో రాయి ఉండవచ్చు, బి వైరస్ ఉండవచ్చు. గర్భిణికి ఇ రకం వస్తే ప్రాణాంతకం కావచ్చు. ముందు రక్తపరీక్ష, తర్వాతే ఏదైనా. ఏ ఆకు అయినా, ఏ పొడి అయినా కాలేయం గుమ్మం దాటాల్సిందే. 'లివర్ శుభ్రం చేస్తాం' అని అమ్మే సీసాలకు డబ్బు తగలేయకండి. శుభ్రం చేసే పని కాలేయానిదే, దానికి వేరే పనిమనిషి అక్కర్లేదు.

పారాసెటమాల్ మాత్ర సరైన మోతాదులో మంచి మందు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి కూడా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. 650 మాత్రలు ఆరు వేస్తే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే. జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది, కలిపి లెక్కేసుకోండి. తాగేవాళ్లకు, కాలేయ జబ్బున్నవాళ్లకు ఆ గీత ఇంకా కిందే, ఎంతో డాక్టరు చెప్పాలి. బూజు పట్టిన వేరుశనగ పప్పుల్ని కడిగి, వేయించి వాడకండి. ఆ బూజు విషం వేయిస్తే పూర్తిగా పోదు, కాలేయ క్యాన్సరుకు కారణమవుతుంది. పారేయండి.

చివరిగా కార్యవర్గానికి ఒక విన్నపం. ప్రతి ఏటా మనం కలిసినప్పుడు బీపీ, షుగరు చూసే బల్ల ఒకటి పెడుతున్నాం. దాని పక్కన అర్ధ మీటరు ఖర్చు లేని వస్తువు, ఒక టేపు పెట్టండి. 90, 80 దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, ఆ నాలుగు అంకెలు తెచ్చుకుంటే ఫిబ్-4 లెక్క నేను కూర్చుని వేసి పెడతాను. గీత దాటినవాళ్లను మా డాక్టరు మిత్రులు చూస్తామన్నారు. ఇళ్లకు వెళ్లాక బీరువాల్లో పాత స్కానింగు రిపోర్టులు తీయండి. ఫ్యాటీ లివర్ అన్న లైను ఉందేమో చూడండి. ఉంటే మళ్లీ బీరువాలో పెట్టకండి.

పదో తరగతి పిల్లలూ, మీకు ఒక్కటే మాట. మీ నాన్నగారి పొట్ట కొలవండి. కోప్పడితే నా పేరు చెప్పండి.

ఇక నేను అసలు చెప్పడానికి వచ్చిన మాట. మా రెండో బెంచీ మిత్రుడు ఏనాడూ మందు ముట్టలేదు. నాకు తెలుసు, వాడి ఇల్లాలికి తెలుసు, ఇప్పుడు మీ అందరికీ తెలుసు. వాణ్ని తీసుకుపోయింది షుగరు, కూర్చున్న కొలువు, ఎవరూ పట్టించుకోని ఒక్క లైను రిపోర్టు. పెదకర్మ నాడు నోరెత్తనందుకు ఈ బడి ఆవరణలోనే, వాడు కూర్చున్న గది ఎదురుగానే, వాడికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. వాళ్ల అమ్మాయి ఇక్కడే మూడో వరుసలో కూర్చుంది. అమ్మా, మీ నాన్న గురించి ఎవరైనా అడిగితే తల దించుకోకు. ఇంత సభలో మీ నాన్న స్నేహితుడు చెప్పాడని చెప్పు.

భోజనాలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు. బూరె ఒకటి తినండి. రెండోది పక్కవాళ్లకు కూడా వేయకండి.